నలభై ఒక్కసార్లు ఆరిన పెట్టె

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నేను కన్ను మూసినప్పుడు నా బిడ్డ ఊపిరి తీయడం మరిచిపోతుందేమోనని.

పాప నెలలు నిండకుండా పుట్టింది. ఇప్పుడు ఏడో నెల. ఆడుతుంది, నవ్వుతుంది, నా జడ పట్టుకుని లాగుతుంది. నిద్రలో మాత్రం ఒక్కోసారి ఊపిరి ఆపేస్తుంది. పది లెక్కపెట్టేలోపు మళ్ళీ మొదలుపెడుతుంది. పదికి మొదలుపెట్టకపోతే? ఆ పదకొండో అంకె దగ్గరే నేను ఏడు నెలలుగా బతుకుతున్నాను.

ఇదివరకు నేనిక్కడ రాసింది చదవనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మా ఇంట్లో నా కుట్టుమిషను పక్కన ఒక నల్లపెట్టె ఉంది. ఏదో ఆఫీసువాళ్ళు పాతబడిందని తీసేసిన కంప్యూటర్. మా ఆడపడుచు దాన్ని మోసుకొచ్చి ఇంటి సర్వర్‌గా మార్చింది. పాప తొట్టి పైన కెమెరా, పక్కన మైకు పెట్టింది. ఊపిరి చప్పుడు మైకు వింటుంది. పెట్టె దాన్ని లెక్కపెట్టి రాసి దాచుకుంటుంది. పదిహేను సెకన్లు ఊపిరి వినబడకపోతే మొత్తుకుంటుంది. ఆడపడుచుది ఆఫీసుల్లో నెట్‌వర్కు తీగలు లాగే పని. ఇంట్లో అందరం ఆమెను ఇంజనీరమ్మ అంటాం. అది పొగడ్తో వెక్కిరింతో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. పాప నాన్న ఓడలో ఇంజను గదిలో పనిచేస్తాడు. తీరం తగిలితేనే ఆయన గొంతు వినబడుతుంది.

పిల్లల డాక్టరమ్మ ఏడు రోజుల రికార్డింగు అడిగింది, ఒక్క నిమిషం కూడా తెగకుండా. అది చూశాకే మందుతో సరిపోతుందో, వార్డులో చేర్చుకుని ఊపిరికి గొట్టం వేయాలో చెబుతానంది. రెండుసార్లు పట్టుకెళ్ళాం. రెండుసార్లూ జల్లెడలా చిల్లులే. “మూడోసారీ ఇలాగే తెచ్చావంటే నేను ఎదురుచూడనమ్మా, చేర్చేసుకుంటాను” అంది. ఇంతలో కిందటివారం ఒక సాయంత్రం పాప పెదవులు నీలంగా మారాయి. నేనే చూశాను. ఎత్తుకుని వీపు నిమిరి, అరికాళ్ళు గిల్లి, ఊపిరి తెప్పించాను. అంతా అయ్యాక, నలభై సెకన్లు ఆలస్యంగా, పెట్టె మొత్తుకుంది.

అక్కడ ఆగాం.

ఇంజనీరమ్మ పనిమీద పొరుగూరిలో ఉంది. ఫోన్లోనే తీర్పు చెప్పేసింది. “ర్యామ్ చాలట్లేదు వదినా. డిస్కు కూడా నిదానం. అసలే మధ్యాహ్నం వేడికి పెట్టె ఆగిపోతోంది. ఏం కొనాలో రాసి పంపిస్తా. పాత డిస్కు కూడా కొట్టుకి పట్టుకెళ్ళు, చూపించు.”

“నాకేం తెలుసమ్మా ఇవన్నీ? నువ్వొచ్చేదాకా ఆగితే?”

“నేనొచ్చేది పది రోజులకి. డాక్టరమ్మ ఆగుతుందా?”

ఆగదు. అందుకే ఇవాళ పొద్దున్నే, ఆమె ఫోన్లో చెబుతుంటే నాలుగు స్క్రూలు ఊడదీసి, డిస్కును పాప చొక్కాలో చుట్టి సంచీలో వేసుకున్నాను. మా అత్తగారు తొట్టి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“వెళ్ళిరా అమ్మాయ్. నేనున్నాగా” అంది. చెయ్యి అప్పటికే పాప వీపు మీద ఉంది.

అత్తగారి గురించి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక నూలుమిల్లులో, పనివాళ్ళ పిల్లల్ని చూసే గదిలో ఆయాగా చేసింది. భారీ మనిషి. మెత్తటి చేతులు. ముప్పైమంది పసిపిల్లల్ని వరుసగా పడుకోబెట్టి, ఎవరు ఏ చప్పుడు చేస్తే ఏమిటో గోడవతల నుంచి చెప్పగలిగేది. ఆమెకు మైకులు, కెమెరాలు అంటే నవ్వు. “చెయ్యి అబద్ధం చెప్పదు” అంటుంది.

విడిభాగాల కొట్టు ఒక జిరాక్సు షాపు పైన ఉంది. సన్నటి మెట్లు. లోపల గోడ నిండా మందుబిళ్ళల డబ్బాలు, వాటి నిండా స్క్రూలు. కొట్టు నడిపేది ఒక నడివయసావిడ. కళ్ళద్దాలు నెత్తిమీదకు నెట్టుకుని, వేలి చివర కాలిన మచ్చలతో, ఏదో సర్క్యూటు పలకకు తీగలు అతుకుతోంది.

“ఏం కావాలి?”

“వేగంగా ఉండేది కావాలక్కా.”

“ఎవరికి వేగం? పెట్టెకా, నీకా?” అని తలెత్తి నా మొహం చూసింది. వెంటనే స్టూలు ఒకటి ముందుకు తోసింది. “ముందు కూర్చో. పడిపోయేట్టున్నావ్.”

ఫోన్లో ఉన్న చీటీ చూపించాను. చదివి, పెదవి విరిచి, మళ్ళీ చదివింది. “రాసినవాళ్ళకి పని తెలుసు. ఎందుకు కావాలో మాత్రం రాయలేదు.”

చెప్పాను. పాప గురించి, పదిహేను సెకన్ల గురించి, నలభై సెకన్ల గురించి. ఆవిడ పని పక్కన పెట్టేసింది.

“ఎంతవరకు చదువుకున్నావ్?”

“తొమ్మిదో తరగతి సగం. తర్వాత టైలరింగ్ షాపులో కూర్చోబెట్టారు.”

“అయితే తేలికే. బాగా చదువుకున్నవాళ్ళతోనే నాకు చావు. తెలిసినట్టు తలూపి వెళ్ళిపోతారు. మీ షాపులో బట్ట కత్తిరించే బల్ల ఉండేదా? అది ర్యామ్. గోడకి తానులు పెట్టే అరలుంటాయే, అది డిస్కు. బల్ల చిన్నదైతే ఏమవుతుంది?”

“బట్ట కిందికి జారిపోతుంది. ఒకటి మడిచి అరలో పెడితేగాని ఇంకోటి పరవలేం.”

“నీ పెట్టె రోజంతా చేస్తున్న పని అదే. మడవడం, పెట్టడం, తీయడం. ఇక కుట్టేదెప్పుడు?” ఆవిడ సన్నటి పచ్చబిళ్ళలు రెండు జతలు నా ముందు పెట్టింది. “ఇప్పుడు నీ పెట్టెలో రెండు రకాల ర్యామ్ కలిపి పెట్టారు, ఒకటి చురుకుది, ఒకటి మందకొడిది. చేతులు పట్టుకుని నడిచే ఆలుమగల్లాగ, ఎవరు నెమ్మదైతే ఇద్దరూ ఆ నడకే నడుస్తారు. అందుకని జత తీసుకో. ఈ జత మామూలుది, బాగా వేగం. ఆ జత కాస్త నెమ్మది, కానీ తన తప్పు తనే దిద్దుకుంటుంది. లెక్కలో ఒక్క అంకె అటూ ఇటూ అయినా పట్టుకుంటుంది. ఇళ్ళల్లో వాడే పెట్టెలు చాలావరకు దీన్ని ఒప్పుకోవు. నీది ఆఫీసు పెట్టె కాబట్టి ఒప్పుకుంటుంది.”

“దిద్దుకునేదే ఇవ్వండి.”

“వేగం కావాలన్నావుగా?”

“తప్పు లెక్క తొందరగా చెబితే నాకేం లాభం అక్కా?”

ఆవిడ మొదటిసారి నవ్వింది. తర్వాత రెండు డిస్కుల అట్టపెట్టెలు తీసింది. ఒకదానిమీద బొట్టుబిళ్ళంత అక్షరాల్లో ఏదో రాసుంది. రెండోదానిమీద వేగం ఎంతో చెప్పే అంకె అరచేయంత ఉంది. నా చెయ్యి అరచేయంత అంకె మీదకే పోయింది.

“అందరూ దాన్నే పట్టుకుంటారు. మీ షాపులో గుమ్మం దగ్గర నవ్వుతూ బట్టలు తీసుకునేవాడు ఉండేవాడా?”

“ఉండేవాడు. ‘రేపే ఇచ్చేస్తాం’ అనేవాడు.”

“ఆ అంకె వాడిది. గుమ్మంలో గబగబా తీసుకుంటాడు. లోపల కుట్టేవాళ్ళు ఇద్దరే. గంటసేపు బాగానే ఉంటుంది. గుమ్మం నిండిపోయాక అంతా స్తంభించిపోతుంది. బొమ్మలు చూసుకునేవాళ్ళకి అది చాలు. నీ పెట్టె రోజల్లా ఆపకుండా రాస్తూనే ఉండాలి. నీకు గుమ్మంలోవాడు కాదు, కుట్టేవాడు కావాలి.” చిన్న అక్షరాల పెట్టె నా వైపు జరిపింది. “ఇది మొదటి గంటలో ఎంత రాస్తుందో, పదోరోజూ అంతే రాస్తుంది. ఇంకోటి, కరెంటు పోయినా చేతిలో ఉన్న కుట్టు ముడి వేశాకే ఆగుతుంది. మీ ఇంట్లో కరెంటు బాగా పోతుంటుందా?”

“లేదే. పోయి చాలాకాలమైంది.”

“అలాగా? పాతది ఇలా ఇవ్వు.”

చొక్కాలోంచి తీసి ఇచ్చాను. తీగ తగిలించి, తెరమీద ఏవో వరుసలు కిందికి జరుపుతూ పోయింది. అద్దాలు కళ్ళమీదకు దించుకుంది.

“ప్రతి డిస్కూ తన సంగతులు తనే రాసి పెట్టుకుంటుంది, ఎన్ని గంటలు పనిచేసిందో, ఎన్నిసార్లు ఆరిందో. ఇది ఎప్పుడు పెట్టారు?”

“నలభై ఎనిమిది రోజులైంది.” ఆ లెక్క నాకు నిద్రలో అడిగినా వస్తుంది.

“చెప్పకుండా ఆరిపోయింది నలభై ఒక్కసారి.”

“చెప్పకుండా అంటే?”

“మామూలుగా ఆపితే అది అన్నీ సర్దుకుని పడుకుంటుంది. ఇది అలా కాదు. మాట్లాడుతున్న మనిషి నోరు నొక్కినట్టు, టక్కున.” ఆవిడ గొంతు తగ్గించింది. “చెల్లీ, ఇది వేడికి ఆగిపోవడం కాదు. వేడికైతే ఒకరోజు మూడుసార్లు ఆగుతుంది, ఒకరోజు అసలాగదు. ఇది మొదటివారం పోగా రోజుకి ఒక్కసారి. గడియారం పెట్టినట్టు. ఎవరో ప్లగ్గు తీస్తున్నారు.”

నేను చేతిలోని పాప చొక్కాను మడిచి, మళ్ళీ విప్పాను.

“తీసి మళ్ళీ పెడుతున్నారు. పెట్టిన ప్రతిసారీ అది లేచి, ఏం చెడిపోయిందో ఏం మిగిలిందో అని ఇల్లంతా వెతుక్కుంటుంది. రెండు మూడు గంటలు. ఆ కాసేపూ లెక్క వెనకబడుతుంది. నీ పాపకి ఊపిరి ఆగింది ఎప్పుడన్నావ్?”

“సాయంత్రం. ఆరు కావస్తుండగా.”

ఆవిడ పాత డిస్కులో ఉన్నవన్నీ కొత్తదానిలోకి దింపింది. కొత్తవి రెండూ కాగితంలో చుట్టి ఇచ్చింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాను.

ఇంటికొచ్చి పన్నెండున్నరకల్లా అన్నీ బిగించాను. ఇంజనీరమ్మ ఫోన్లో చూస్తూ చెబుతూనే ఉంది. “వదినా, తిప్పి పెట్టావ్. గాడి ఇటు రావాలి. ఆ, నొక్కు. గట్టిగా నొక్కు, అదేం పాపాయి కాదు.” టక్ అని చప్పుడయ్యింది. పెట్టె లేచింది. రాయడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఎగిరెగిరి పడే ఆకుపచ్చ గీత నీళ్ళలా సాఫీగా పోతోంది.

“అబ్బ, ఎంత బాగుంది!” అంది ఇంజనీరమ్మ.

అప్పుడు చెప్పాను నలభై ఒక్కసార్ల సంగతి. ఇంజనీరమ్మ మెల్లగా అడిగింది. “మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు వదినా?”

ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనకుండానే ఫోను పెట్టేశాం.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నా నిద్ర. అది అత్తగారు పెట్టిన నియమం. మిల్లు సైరను లెక్క ఆమెది. రెండు కొట్టగానే “ఇక నీ షిఫ్టు అయిపోయింది, పో” అని నన్ను పక్కగదిలోకి తోస్తుంది. ఇవాళా తోసింది. నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మంటలు. నిద్ర వచ్చి మీదపడుతుంటే గోళ్ళతో అరచెయ్యి నొక్కుకుంటూ మేలుకున్నాను. కాసేపటికి చెప్పుల చప్పుడు. బరువైన మనిషి మెల్లగా నడవాలని చూస్తే వచ్చే చప్పుడు. లేచి గుమ్మంలోకి వెళ్ళాను.

అత్తగారు మిషను పక్కన వంగి ఉంది. చెయ్యి ప్లగ్గు మీద ఉంది.

“తీయకండి అత్తయ్యా.”

ఉలిక్కిపడలేదు. తప్పుచేసింది నేనే అన్నట్టు చూసింది. “పడుకోలేదా నువ్వు?”

“నలభై ఒక్క రోజులుగా తీస్తున్నారు.”

“లెక్క కూడా పెట్టావా?”

“నేను కాదు. డిస్కు పెట్టింది.”

“ఓహో, చాడీలు కూడా చెబుతుందా ఇది!” నడుం పట్టుకుని లేచింది. “చెప్పనీ. తీశాను. మొదటివారం ఏం జరిగిందో మరిచిపోయావా? నువ్వు పడుకున్న రెండు గంటల్లో నాలుగుసార్లు మొత్తుకునేది. నాలుగుసార్లూ నువ్వు జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చేదానివి. వచ్చి చూస్తే ఏముంది? పాప హాయిగా నిద్రపోతూ ఉండేది. ఒక్కసారైనా పాపకేమైనా అయిందా ఆ మధ్యాహ్నాలు?”

“లేదు.”

“మరి? అద్దంలో మొహం చూసుకున్నావా ఈమధ్య? కళ్ళకింద మసి పూసినట్టుంది. నిన్నకాక మొన్న పాలసీసా బదులు నూనెసీసా వేడిచేశావ్. తల్లి కూలిపోతే బిడ్డని చూసేదెవరు? రెండు గంటలు నిన్ను పడుకోనిద్దామనే తీశాను. నువ్వు లేచేలోపు పెట్టేశాను. ఆ రెండు గంటలూ ఈ చెయ్యి దాని వీపు మీదనుంచి తీయలేదు. ముప్పైమందిని చూశాను నేను, ఒక్కదాన్ని చూడలేనా?”

ఇంత ప్రేమ నా మీద ఉందని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అది వింటూ కూడా నా కోపం చల్లారలేదు. అలసిపోయిన మనిషికి ప్రేమా కోపమా విడివిడిగా కనబడవు.

“అత్తయ్యా, మీరు తీసి పెట్టిన ప్రతిసారీ పెట్టె మూడు గంటలు తేరుకోలేదు. సాయంత్రం దాకా దాని లెక్క వెనకబడే ఉంటుంది. పాప పెదవులు నీలమైన రోజు అది నలభై సెకన్లు ఆలస్యంగా అరిచింది. ఆరోజు మధ్యాహ్నం కూడా మీరు తీశారు.”

ఆమె కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి తడుముకుంది. కూర్చుంది.

“నా వల్లా?”

“డాక్టరమ్మకి ఇచ్చిన రికార్డింగులో చిల్లులన్నీ మధ్యాహ్నానివే. వేడి అనుకున్నాం. పాత డిస్కు అనుకున్నాం. పొద్దుణ్ణించీ కొట్లో కూర్చుని కొత్తవి ఏరుకొచ్చాను.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా, తీస్తే దానికి ఇలా అవుతుందని.”

“మీరు తీస్తున్నానని నాతో చెప్పారా?”

అత్తమీద కోపం దుత్తమీద చూపడం తెలుసు నాకు. దుత్తమీద కోపం అత్తమీద చూపడం ఇవాళే నేర్చుకున్నాను. ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. తర్వాత లేచి, ప్లగ్గును బొటనవేలితో లోపలికంటా నొక్కింది.

“ఉండనీ. దాని లెక్క దానిది, నా లెక్క నాది. చూద్దాం ఎవరిది నిజమో. నువ్వు పో, పడుకో. రెండున్నరైంది.”

వెళ్ళాను. తల దిండుకి ఆనిందో లేదో తెలియదు.

పెట్టె మొత్తుకుంది.

ఎలా లేచానో, తలుపు ఎలా దాటానో తెలియదు. తొట్టి మీద పడ్డాను. పాప గులాబీరంగులో ఉంది. పక్కకి ఒత్తిగిలి, పిడికిలి బుగ్గకింద పెట్టుకుని నిద్రపోతోంది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. గోడమీద గడియారం మూడున్నర.

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా, ఛాతీ ఎగిరిపడుతూ. “చూశావా?” అంది, గొంతు బొంగురుపోయింది. “చూశావా! కొత్త సరుకు కూడా పాతపాటే పాడుతోంది. పాప వీపుమీంచి చెయ్యి తీయలేదు నేను.”

చెయ్యి ఆమె ఒళ్ళో ఉంది.

కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, తెలుసు. తెలిసే అన్నాను.

“మీరు నిద్రపోయారా అత్తయ్యా?”

ఆమె మొహంలో రంగు పోయింది. ఒక ఆయాని అడక్కూడని మాట అది. మిల్లులో ఆ మాట పడ్డవాళ్ళని ఆ సాయంత్రమే పంపేసేవారట. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మాట పడకుండా ఇంటికొచ్చిన మనిషి.

“నేను కన్ను వాల్చలేదు.”

“చెయ్యి ఒళ్ళో ఉంది.”

“కన్ను వాల్చలేదంటున్నానా!” పాప కదిలింది. ఇద్దరం చప్పున నోరు మూసుకున్నాం. పాప మళ్ళీ నిద్రలోకి జారేదాకా ఆగి, ఆమె గుసగుసగా అంది. “సరే. నిద్రపోయే ముసల్దాన్ని నేను. నిద్రపోనిది నీకు పెట్టె ఉందిగా. మా అక్క దగ్గర నాలుగు రోజులుండి వస్తా. నాలుగున్నరకి బస్సుంది.”

“అత్తయ్యా, నా ఉద్దేశం అది కాదు.”

“నీ ఉద్దేశం నీ మొహంమీద ఉంది.”

పది నిమిషాల్లో చీరలు రెండు సంచీలో కుక్కుకుంది. వెళ్ళేముందు తొట్టి దగ్గర వంగి, పాప వీపుమీద చెయ్యి పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంది. నావైపు చూడకుండా మెట్లు దిగింది. నేను ఆపలేదు. నాకు ఆపే ఓపిక లేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ ఓపిక ఎక్కణ్ణుంచైనా అరువు తెచ్చుకోవాల్సింది అనిపిస్తోంది.

నాలుగున్నర దాటింది. బస్సు కదిలిపోయి ఉంటుంది. కొత్త డిస్కు కూడా మోసం చేసిందా, మళ్ళీ కొట్టుకి వెళ్ళాలా అని తెలుసుకుందామని రికార్డింగు తెరిచాను. పన్నెండున్నర నుంచి ఒక్క చిల్లు లేదు. మూడుంబావు దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టాను, చెవికి తీగలు పెట్టుకుని.

ఊపిరి స్పష్టంగా వినబడుతోంది. పెద్దగా, బరువుగా. తెరమీద పాప పొట్ట ఆడుతోంది. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. పద్నాలుగేళ్ళనుంచీ కుట్టు చూసిన కళ్ళివి. పై దారం, కింది దారం కలవకపోతే తెలుస్తుంది. పొట్ట రెండుసార్లు లేచేలోపు చెవిలో ఊపిరి ఒక్కసారే వినబడుతోంది.

చెవిలోది పాప ఊపిరి కాదు.

తెర అంచున కుర్చీ సగం కనబడుతోంది. అత్తగారి తల మెల్లగా ముందుకు వాలింది. గడ్డం గుండెకి ఆనింది. పాప వీపుమీది చెయ్యి జారి ఒళ్ళో పడింది. చెవిలో ఊపిరి ఒక గురకలా లేచి, మధ్యలో తెగింది.

లేదు. ఏమీ లేదు. పాప పొట్ట ఆడుతూనే ఉంది. కిందన అంకెలు నడుస్తున్నాయి. ఎనిమిది. పన్నెండు. పదిహేను. పెట్టె మొత్తుకుంది. కుర్చీలోని మనిషి నీళ్ళలోంచి పైకి వచ్చినట్టు ఒక్క ఉదుటున గాలి పీల్చి, తల ఎత్తి, చుట్టూ చూసింది. తను నిద్రపోయిన సంగతి ఆ కళ్ళకి తెలియదు. నిజంగా తెలియదు.

వెనక్కి జరిపాను. అంతకుముందు కూడా ఉంది. పది సెకన్లు ఆగి, మళ్ళీ. పన్నెండు ఆగి, మళ్ళీ. నేను పడుకున్న గంటలో తొమ్మిదిసార్లు. పదిహేను దాటింది ఒక్కటే. కుర్చీలోని పెద్ద ఊపిరికి సర్దుకున్న మైకు పాప సన్నటి ఊపిరిని పట్టుకోలేదు. మొదటివారం పెట్టె ప్రతి మధ్యాహ్నం మొత్తుకున్నది ఎవరికోసమో అప్పుడు తెలిసింది. దాన్ని ఆపేసిన నలభై ఒక్క మధ్యాహ్నాలు ఆమెను లేపడానికి ఏమీ లేదు.

ఇంజనీరమ్మకి ఆ ముక్క పంపాను. రెండు నిమిషాలకి ఫోను చేసింది. “వదినా, అది అమ్మ కదా. అమ్మే కదా?”

అత్తగారి ఫోను మోగుతోంది. ఎత్తడం లేదు. నామీద కోపంతో ఎత్తడం లేదో, ఎందుకో తెలియదు. పదకొండుసార్లు చేశాను. వాళ్ళక్కగారింటికి మూడు గంటల ప్రయాణం. బస్టాండులో ఫోను ఎవరూ తీయడం లేదు. పాపను వదిలి నేను కదలలేను. బస్సు ఎక్కితే ఆమెకు పది నిమిషాల్లో కునుకు పట్టేస్తుందని ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

మీలో ఎవరైనా ఇప్పుడు బస్సులో కూర్చుని ఇది చదువుతుంటే, ఒక్కసారి తలెత్తి చుట్టూ చూడండి. కిటికీ పక్కన ఒక లావాటి పెద్దావిడ ఉంటుంది, బూడిదరంగు చీర, ఒళ్ళో గోధుమరంగు సంచీ. గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతున్నట్టు కనబడుతుంది. దయచేసి పక్కకి వెళ్ళి వినండి. ఊపిరి వినబడకపోతే భుజం పట్టి గట్టిగా కుదపండి. నిద్ర లేపినందుకు తిడుతుంది. తిట్టించుకోండి.